కౌంటర్ అవతల మా ఆవిడ

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు నలభై ఎనిమిదేళ్ళు పట్టింది కానీ, డిపోలో వాళ్ళు ఎప్పుడో కనిపెట్టేశారు. అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ నేను డిటెక్టివునే. బ్రేకులు బాగున్నాయని మెకానిక్ వచ్చి చెబితే 'ఎవరు చెప్పారు' అని అడిగే రకాన్ని. గేటు దాకా నేనే నడిపి, తొక్కి చూసుకుంటే గానీ సంతకం పెట్టను. ఇరవై నాలుగేళ్ళు సిటీ బస్సు నడిపినవాడికి ఆ మాత్రం అనుమానం ఉండాలనే నా వాదన.

అలాంటివాడి భార్య, వానలు మొదలైన వారంలో, టీ గ్లాసు తెచ్చి నా ఎడమ చేతి పక్కన పెట్టి, "నేను కాలేజీలో చేరానండీ" అంది. చేరతాను అని కాదు, చేరాను అని.

"ఏ కాలేజీ?"

"మార్కెట్ వెనక కమ్యూనిటీ కాలేజీ. ఆఫీసు పని నేర్పుతారు. కంప్యూటరు, బిజినెస్ ఉత్తరాలు, ఆసుపత్రి కౌంటర్లో కూర్చునే పని. నాలుగు నెలలు."

"ఎందుకు?"

"నేర్చుకోవడానికి."

"అది సరే, ఎందుకు?"

"ఏమో, ఎప్పుడైనా అవసరం పడొచ్చు కదా," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇరవై ఏళ్ళ కాపురంలో ఎప్పుడూ లేని అవసరం ఇప్పుడేం పడుతుంది? ఎవరు ఎక్కించారు ఈమెకి ఇదంతా? టీ చల్లారిపోయేదాకా అదే ఆలోచన.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. లేకపోతే ఆవిడ మీద చాడీలు చెప్పినట్టే ఉంటుంది.

అప్పటికి ఏడాదిగా నా కుడి కన్ను నన్ను మోసం చేస్తోంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. కుడి పక్కనుంచి వచ్చేది మాత్రం ముందు ఉండదు, తర్వాత ఉన్నట్టుండి ఉంటుంది. స్కూటరు, స్తంభం, మనిషి, ఏదైనా అంతే. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా డిపోలో నలభై అయిదు దాటిన డ్రైవర్లు ఏటా ఒక ఫారం మీద డాక్టరు సంతకం, సీలు వేయించి ఇవ్వాలి. కిందటేడు అక్షరాల బోర్డు చదివించి వదిలేశారు. బోర్డు ఎదురుగానే ఉంటుంది కాబట్టి గడగడా చదివేశాను. ఈ ఏడు పక్కచూపు కూడా పరీక్ష చేయించాలని, కంటి డాక్టరే సంతకం పెట్టాలని కొత్త ఫారం చేతిలో పెట్టారు. గడువు వానాకాలం చివరిదాకా. నాకు తెలిసిన పని ఒక్కటే, స్టీరింగ్ పట్టుకోవడం. అది లాగేసుకుంటే నేను ఇంట్లో కుర్చీతో సమానం. ఆ ఫారం యూనిఫారం పెట్టెలో అడుగున దాచాను.

వానలు నాకు బాగా కలిసొచ్చాయి. అద్దం గోడకి గీసుకున్నా, స్టాపు దాటి ఆపినా, "ఏం కనబడుతుంది ఈ వానలో" అనేసేవాణ్ణి. మా కండక్టరు, పదకొండేళ్ళుగా నాతోనే తిరుగుతున్నవాడు, "అవునన్నా" అనేవాడు. వాడు ఆ మాట అంటున్న తీరు మీద కూడా నాకు అనుమానంగానే ఉండేది.

ఇంట్లో సంగతి ఇంకా అన్యాయం. మా ఆవిడ సాయంత్రమయ్యేసరికి ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళేది. తలుపు దగ్గరగా వేసుకునేది. నేను ఇవతల చొక్కా మడతపెడుతున్నట్టు నిలబడి వినేవాణ్ణి.

"నమస్కారమండీ. చెప్పండి, మీకేం సాయం చేయగలను?"

ఆ గొంతు నాకు కొత్త. ఇంట్లో 'ఆ తువ్వాలు అలా మంచం మీద పడేయకండి' అనే గొంతు కాదు, తేనె పూసిన గొంతు. ఫోను స్పీకరులోంచి ఎవడో మగవాడు మూలుగుతూ మాట్లాడేవాడు.

"ఎక్కడ నొప్పి? ఎప్పటి నుంచండీ? అయ్యో. గురువారం పదకొండింటికి రాగలరా?"

గురువారం పదకొండింటికి నాకు డ్యూటీ. ఇంట్లో ఎవరూ ఉండరు. నాకు ముచ్చెమటలు పోశాయి.

"ఎవరతను?" అని అడిగాను, లోపలికి రాగానే.

"టై."

"టై ఏంటి?"

"మా క్లాసులో ఆయన. రోజూ టై కట్టుకొస్తాడు, అందరం అలాగే పిలుస్తాం. మా ఇద్దరినీ జంటగా వేశారు, ఫోన్ ప్రాక్టీసుకి."

జంటగా. ఆ మాట ఆవిడ ఉప్పు పప్పు అన్నంత తేలిగ్గా అనేసింది.

తర్వాత అట్ట కార్డులు మొదలయ్యాయి. భోజనాల బల్ల నిండా పరిచేది. ఒక్కోదాని మీద ఒక మగవాడి పేరో ఆడమనిషి పేరో, పుట్టిన తేదీ, చిరునామా.

"ఎవరు వీళ్ళంతా?"

"ఎవరూ కాదు. లేనివాళ్ళు. ఫైళ్ళు సర్దడం నేర్చుకోవడానికి మేడమ్ కల్పించి ఇచ్చారు."

"లేనివాళ్ళకి పుట్టిన తేదీలెందుకు?"

మా అమ్మాయి పదో తరగతి పుస్తకం వెనక నుంచి కిసుక్కున నవ్వింది. "ఒకే పేరుతో ఇద్దరు లేనివాళ్ళుంటే తేడా తెలియాలి కదా నాన్నా," అంది. తల్లీకూతుళ్ళు ఒక్కటయ్యారని నాకప్పుడే అర్థమైంది.

ఆ గురువారం డ్యూటీ మార్పించుకున్నాను. గొడుగు అడ్డం పెట్టుకుని మార్కెట్ వెనక్కి వెళ్ళాను. కాలేజీ అంటే పాత గోడౌనుకి సున్నం కొట్టి కిటికీలు పెట్టిన భవనం. వరండాలో మూడో కిటికీలోంచి తొంగి చూస్తే లోపల చిన్న ఆసుపత్రి. అంటే నిజం ఆసుపత్రి కాదు. చెక్క కౌంటరు, వైరు లేని టెలిఫోను, కంప్యూటరు, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి 'నిశ్శబ్దం' అని బోర్డు. కౌంటర్ వెనక మా ఆవిడ. ముందు ఒక అరవై ఏళ్ళ పెద్దమనిషి, బట్టతల, ఎర్ర టై, కడుపు పట్టుకుని నటిస్తున్నాడు. నేను ఇన్నాళ్ళూ నిద్ర మానుకున్నది ఈయన కోసమా అనిపించి కాస్త సిగ్గేసింది. కానీ వెంటనే తేరుకున్నాను. అరవై ఏళ్ళ వాళ్ళని మాత్రం ఎలా నమ్ముతాం?

"ఎవరండీ అక్కడ?" అని వెనక నుంచి వినబడింది. వాళ్ళ మేడమ్. కుడి పక్కనుంచి వచ్చింది కాబట్టి నాకు కనబడలేదు.

"ఊరికే, వాన పడుతుంటే..."

"మంచిదైంది. లోపలికి రండి. కోపంగా ఉన్న పేషెంటు కావాలి మాకు. మీ మొహం సరిగ్గా సరిపోతుంది."

పదిహేను మంది ముందు నన్ను కౌంటర్ దగ్గర నిలబెట్టారు. మా ఆవిడ నన్ను చూసింది. కనురెప్ప కూడా కదల్లేదు.

"నమస్కారమండీ. చాలాసేపు కూర్చోబెట్టాం, క్షమించండి. పేరు చెప్తారా?"

"నా పేరు నీకు తెలీదా?" అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "తెలిసినవాళ్ళనైనా అడగమన్నారండీ. పేరు, పుట్టిన తేదీ, రెండూ మీ నోటితోనే చెప్పాలి. ఒకరి ఫైలు ఇంకొకరి చేతికి వెళ్ళకూడదు కదా."

చెప్పాను. ఇబ్బంది ఏమిటని అడిగితే, "ఏమీ లేదు, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాను. చివరికి, "ఆపదలో ఎవరికి కబురు చేయాలండీ?" అని అడిగింది.

"నాకు ఆపద రాదు," అన్నాను.

ఆవిడ ఆ గడి ఖాళీగా వదిలేసి, పెన్ను మూత పెట్టింది. మేడమ్ మెచ్చుకుంది. కోపంగా ఉన్న పేషెంటు ముందు గొంతు పెంచకపోవడం అంటే ఇదీ అని అందరికీ చూపించింది. ఆ మెప్పు మా ఆవిడకి, తిట్లు నాకు అన్నమాట. ఇంటికొచ్చాక, నేనెందుకు వచ్చానని ఆవిడ ఒక్క మాట అడగలేదు. నన్ను అక్కడే అనుమానం మళ్ళీ పట్టుకుంది. తప్పు చేసేవాళ్ళే అడగరు కదా, అనుకున్నాను.

మూడో నెలలో క్లాసులు అయిపోయి వాళ్ళని ఆసుపత్రుల్లో ట్రైనింగుకి వేశారు. ముందు పెద్దాసుపత్రి అని చెప్పింది. తర్వాత ఒక ఆదివారం, "ఏమండీ, రేపటి నుంచి నన్ను వేరే చోటికి..." అని మొదలుపెడితే, "నీ గోల నాకెందుకు" అని పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఆ రోజు నా తల నిండా ఫారమే. గడువు నెలలోకి వచ్చేసింది. కండక్టరు ఫోనులోంచి ఊరికి అటు చివరున్న కంటి క్లినిక్‌కి ఫోను చేసి, దొంగ పేరుతో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ముందు కన్ను సంగతి తేలనీ, సంతకం పెట్టేలా ఉంటే అప్పుడు అసలు పేరు చెప్పొచ్చు అనుకున్నాను. డిపో వాళ్ళెవరూ అటు రారు. ఎంత తెలివిగా చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

క్లినిక్‌లో టోపీ కిందికి లాగి, తల వంచుకుని లైన్లో నిలబడ్డాను.

"నమస్కారమండీ. పేరు చెప్పండి."

తేనె పూసిన గొంతు. తలెత్తాను. కౌంటర్ అవతల మా ఆవిడ. తెల్లకోటు, జేబుకి ట్రైనీ అని బిళ్ళ.

వెనక జనం. ఏం చెప్పాలో తోచక ఆ దొంగ పేరే చెప్పాను. ఆవిడ కంప్యూటర్లో చూసింది.

"పుట్టిన తేదీ?"

అది అబద్ధం చెప్పడానికి నోరు తిరగలేదు. నాదే చెప్పాను. ఆవిడ వేళ్ళు మీటల మీద ఆగాయి.

"ఫైల్లో పేరు తప్పు పడినట్టుందండీ," అంది, పక్కవాళ్ళకి వినబడనంత మెల్లగా. "పేరు తప్పయితే ఒకరి మందు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. సరిచేయమంటారా?"

"సరిచేయండి," అన్నాను.

ఇరవై ఏళ్ళలో మా ఆవిడని నేను 'అండి' అనడం అదే మొదటిసారి. ఆవిడ నా అసలు పేరు టైపు చేసి, కుర్చీలోంచి లేచి, పక్కనున్న సీనియరుతో, "అక్కా, ఈ ఫైలు మీరు తీసుకోండి" అంది.

"ఏం?"

"నేను చూడకూడదు. మా ఇంటివాళ్ళు."

సీనియరు కళ్ళజోడు పైనుంచి నన్ను ఒకసారి చూసి కూర్చుంది. మిగతా ప్రశ్నలు సీనియరే అడిగింది. ఆపదలో ఎవరికి కబురు చేయాలంటే కండక్టరు నంబరు ఇచ్చాను. మా ఆవిడ రెండడుగుల దూరంలో, నాకు వీపు పెట్టి, మోగుతున్న ఫోను ఎత్తింది. విన్నదో లేదో తెలియదు. వినే ఉంటుంది.

లోపల డాక్టరు నా గడ్డం ఒక యంత్రం మీద ఆనించి, చుక్క వెలుగులు కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. కుడి పక్క ఎన్ని వెలిగాయో నాకు తెలియదు. నేను నొక్కినవి తక్కువే. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట. రెండో కంటికి కూడా మొదలయిందట. పోయిన చూపు రాదు, రోజూ చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది అన్నాడు. ఫారం ముందు పెట్టాను.

"బస్సు నడపడానికి నేను సంతకం పెట్టలేనండీ. మీ డిపోలో మీరే చెప్పండి. ఆలస్యం చేయకండి."

ఆ సాయంత్రం ఆవిడ అడుగుతుందని చూశాను. రాలేదు ఆ ప్రశ్న. మర్నాడూ లేదు. అమ్మాయితో నవ్వుతూ మాట్లాడుతుంది, టీ తెస్తుంది, ఎడమ పక్కన పెడుతుంది, వెళ్ళిపోతుంది. నేను కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. ఫైలు చూసి ఉంటుందా? డిపోకి చెప్పేసి ఉంటుందా? ఆ టై గాడికి చెప్పి ఉంటుందా? ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు సంచీ వెతికాను. నా ఫైలుకి సంబంధించిన ముక్క ఒక్కటి లేదు. నోటు పుస్తకం మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో, 'కౌంటర్లో విన్నది కౌంటర్ దాటకూడదు' అని రాసుకుంది, కింద రెండు గీతలు.

నా బుద్ధి అక్కడితో ఆగిందా అంటే, లేదు. పది రోజులుంది గడువు. ఆవిడ వంటగదిలో గట్టు తుడుస్తుంటే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"మీ కౌంటర్లో డాక్టరుగారి సీలు ఉంటుందా?"

గుడ్డ ఆగింది. "ఉంటుంది. సొరుగులో."

"తాళం?"

"సాయంత్రాలు నా దగ్గరే ఉంటుంది."

"ఓహో."

"ఎందుకండీ?"

"ఊరికే."

ఆవిడ తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. "ఆ తాళం ఇచ్చేటప్పుడు మా సీనియరు అక్క నన్నేమీ అడగలేదు. నమ్మి ఇచ్చింది," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మొగుడి కంటే అక్క ఎక్కువైపోయిందా అనుకున్నాను. సిగ్గు కూడా వేసింది కానీ, కోపం ఉన్నప్పుడు సిగ్గుని పట్టించుకోవడం నాకు అలవాటు లేదు.

ఆ వారమే వానలు ఆగిపోయాయి. ఒక శనివారం, ఎండ పెళపెళా కాస్తోంది. స్కూలు మలుపు దగ్గర బస్సు కుడివైపు తిప్పుతున్నాను. రోడ్డు ఖాళీ. నా లెక్క ప్రకారం ఖాళీ. వెనక నుంచి కండక్టరు రేకు మీద దబదబా బాదాడు. బ్రేకు తొక్కాను. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. అప్పుడు కనబడింది, బంపరుకి మూరెడు దూరంలో, సైకిలు మీద ఒక అమ్మాయి. మా అమ్మాయి వయసే ఉంటుంది, రెండు జడలు. తను వెనక్కి కూడా చూడలేదు. బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

కండక్టరు ముందుకొచ్చి నా సీటు కమ్మీ పట్టుకున్నాడు.

"అన్నా, ఇవాళ వాన లేదు," అన్నాడు.

అంతే అన్నాడు. ఆ మిగతా ట్రిప్పు నేను ఎలా నడిపానో నాకు తెలియదు. చాలా భయపడ్డాను. ఇరవై నాలుగేళ్ళలో ప్రతిదాన్నీ, ప్రతివాణ్ణీ అనుమానించాను గానీ, అనుమానించాల్సినవాణ్ణి మాత్రం వదిలేశాను.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం. సోమవారం పదింటికి మా ఆవిడకి ఆఖరి పరీక్ష. టై గొంతు పోయిందట, ఫోనులో గాలి తప్ప మాట రావడం లేదు. అమ్మాయి అప్పటికే నాలుగుసార్లు పేషెంటయి, అయిదోసారి చచ్చినా కానని పక్కింటికి పారిపోయింది. ఆవిడ బల్ల మీద ఖాళీ ఫారం పెట్టుకుని, గోడని అడుగుతోంది, నమస్కారమండీ అని.

నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"నన్నడుగు," అన్నాను.

నా వైపు చూసింది. ఆటపట్టిస్తున్నానేమోనని అనుమానం ఆ మొహంలో. ఆ ఇంట్లో అనుమానపడే హక్కు ఆవిడకీ ఉందని నాకు ఎప్పుడూ తోచలేదు.

"నమస్కారమండీ. పేరు?"

చెప్పాను. అసలు పేరు.

"పుట్టిన తేదీ?"

చెప్పాను.

"ఏం పని చేస్తారు?"

"బస్సు డ్రైవర్ని. నిన్నటిదాకా."

పెన్ను ఒక్క క్షణం ఆగి, రాసింది.

"ఇబ్బంది ఏమిటి?"

"కుడి కన్ను. పక్కనుంచి వచ్చేది కనబడదు. రెండోదానికీ మొదలైందన్నారు."

"ఎప్పటి నుంచండీ?"

"ఏడాది దాటింది. ఎవరికీ చెప్పలేదు. నిన్న ఒక పిల్లని..." అక్కడ ఆపి, బల్ల మీది గీతని గోటితో గీకాను. ఆవిడ తొందరపెట్టలేదు. క్లాసులో అదీ నేర్పుతారు కాబోలు, ఆగడం. "ఏం కాలేదు. తృటిలో తప్పింది," అన్నాను.

రాసింది. తల ఎత్తకుండానే, కింద ఉన్న గడి మీద పెన్ను పెట్టి, "ఆపదలో ఎవరికి కబురు చేయాలండీ?" అంది. తేనె గొంతులో కొంచెం జీర వచ్చింది.

"మా ఆవిడకి."

"ఫోను నంబరు?"

చెప్పాను. ఆవిడ నంబరు ఆవిడకే. ఒక్కో అంకె రాసుకుని, మళ్ళీ మొదటి నుంచి చదివి వినిపించింది, సరేనా అండీ అని. సరేనండీ అన్నాను.

అప్పుడు ఆ ఫారం నాలుగు ముక్కలు చేసి చింపింది. ప్రాక్టీసు కాగితాల మీద నిజం మనుషుల సంగతులు ఉండకూడదట. లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. గ్లాసు నా ముందు పెట్టింది. ఎడమ పక్కన. ఇన్నాళ్ళూ అక్కడే పెడుతున్నా, అప్పటిదాకా నేను దాన్ని చూడలేదు.

"ఎప్పటి నుంచి ఇటు పక్క పెడుతున్నావు?"

"మీరు రెండు గ్లాసులు తోసి పగలగొట్టాక."

"అది ఎప్పుడో కిందటేడు కదా."

"అవును. కాలేజీలో చేరకముందు." తన గ్లాసు తీసుకుని కూర్చుంది. "ఇద్దరిలో ఒకరికైనా పని ఉండాలి కదండీ. మీరు చెప్తారని చూశాను. చెప్పలేదు. క్లినిక్‌లో ఫైలు తీసి చూడొచ్చు, అక్క ఏమీ అనదు. కానీ మీరు చెప్పాలి కదా అనుకున్నాను." గ్లాసు కింద పెట్టి, "డిపోలో కూడా నేను చెప్పను. మీరే చెప్పుకోవాలి," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడిచాను కూడా. పేరుకి డిటెక్టివుని.

సోమవారం పొద్దున్న సంతకం లేని ఫారం జేబులో పెట్టుకుని బయల్దేరాను. ఆవిడ ఇస్త్రీ చేసిన తెల్లకోటు మడిచి సంచీలో పెట్టుకుంది. ఇద్దరం ఒకే బస్సెక్కాం. డ్రైవరు సీట్లో ఎవరో కొత్త కుర్రాడు. గేరు మారుస్తుంటే నా చెయ్యి ఊరికే కదిలింది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా ఆవిడ అందులోకి వెళ్ళలేదు. నన్ను అటు జరగమని, నా కుడి పక్కన కూర్చుంది.